దొడ్డమ్మ అని పిలిచిన ఫోన్

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. ఇప్పుడు నేనే అలాంటిది చెప్పాల్సి వస్తోంది, అందుకు ఇంకా మంట.

ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తున్న రోజులు. మారేడ్‌పల్లిలో ఒక చిన్న కంపెనీలో అడ్మిన్ పని చేసేదాన్ని. మొబైళ్లు గేటు దగ్గర సెక్యూరిటీకి ఇచ్చి లోపలికి రావాలని మా సూపర్‌వైజర్ రూలు. నేరేడ్‌మెట్‌లో ఇంట్లో చెల్లెలు ఒక్కతే ఉంటుంది, ఏడో నెల, మొదటి కాన్పు అని ఎంత మొత్తుకున్నా వినలేదు.

ఆ మధ్యాహ్నం ఇంటర్నెట్ మీద నడిచే కొత్త డెస్క్ ఫోన్లు వచ్చాయి. వాటిలో నంబర్లే కాదు, ఈమెయిల్ లాంటి కాల్ అడ్రస్‌లు కూడా అక్షరం అక్షరం కొట్టి పెట్టాలి. ఇంగ్లీషు ఓ కావాలంటే ఎం, ఎన్ దాటుకుంటూ ఆరు అంకె బటన్ మూడుసార్లు నొక్కాలి. నా ఫోన్‌కి కరెంటు ఇచ్చాను. నెట్‌వర్క్ వైరు ఇంకా నా ఒళ్లోనే ఉంది.

నేను బటన్ ముట్టుకోకముందే తెర మీద డి పడింది. తర్వాత ఎం వచ్చింది. అది ఎన్ అయి, ఓ దగ్గర ఆగింది. ఎవరో అప్పుడే నేర్చుకుంటూ నొక్కుతున్నట్టుంది. చివరికి ఇంగ్లీషు అక్షరాల్లో దొడ్డమ్మ అని వచ్చింది.

మాది విజయనగరం వైపు. అమ్మ వాళ్ల అక్కను మేము అలా పిలుస్తాం. నాకున్నది ఈ ఒక్క చెల్లెలే. నన్ను అలా పిలవాల్సినవాళ్లు ఇంకా పుట్టలేదు.

వెంటనే ఇంటికి వెళ్తానన్నాను. సూపర్‌వైజర్ తెర చూసి నవ్వాడు.

“ఏందమ్మా, వైరు సుత పెట్టలే, గాలిల వచ్చిందా మెసేజ్? నువ్వే కొట్టినవ్. జెర పని ఖతం చేసి పో.”

గేట్ పాస్ మీద సంతకం పెట్టలేదు. బతిమాలాను, తర్వాత నోటికొచ్చినట్టు తిట్టాను. అరగంట అలాగే పోయింది. ఆఖరికి సంతకం లేకుండానే వచ్చేశాను. గేటు దగ్గర నా మొబైల్ నిండా చెల్లెలి మిస్డ్ కాల్స్.

ఇంటికెళ్లేసరికి బాత్రూమ్ గడప దగ్గర నెత్తుట్లో పడి ఉంది. సికింద్రాబాద్ ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్తుంటే ఒక్కసారి కళ్లు తెరిచి, “ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదేటి?” అంది.

చెల్లెలు దక్కింది. మగపిల్లాడు, దక్కలేదు. కాస్త ముందు తెచ్చి ఉంటే అని డాక్టరమ్మ సగంలో ఆపేసింది.

వైరు లేకుండా ఆ ఫోన్‌లోకి ఏదీ రాదని నెట్‌వర్క్ చూసే అతను తర్వాత చెప్పాడు. మరి ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఆ అరగంట తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఆ సూపర్‌వైజర్‌ని పైకే తిడతాను.

చెల్లెలికి మళ్లీ కాన్పు కాలేదు. నన్ను దొడ్డమ్మా అని పిలిచింది ఆ పసివాడొక్కడే. పిలిస్తే నన్ను వెళ్లనివ్వలేదు.