రషీదాబీ గోళెంలో గులాబ్

మా గల్లీలో రషీదాబీ ఇల్లు ఎక్కడని అడిగితే, "నీళ్లల్ల బల్లిని సాదుకుంటదే, ఆమెనా?" అని నవ్వేవారు జనం. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండేది. గోడ మీద బల్లి పాకితే కుర్చీ ఎక్కి కేకలు పెట్టే మనుషులు, ఒకావిడ ప్రాణం పెట్టి పెంచుకునేదాన్ని చూసి నవ్వడమేంటి? అది బల్లి కాదు. దాని పేరు యాక్సొలాటల్. నోరు తిరగక మొదట్లో నేనూ తిప్పలు పడ్డాను. జానెడు పొడవు, లేత గులాబీ రంగు ఒళ్లు, నాలుగు బుడ్డ కాళ్లు, మెడకు రెండువైపులా ఎర్రటి ఈకల్లాంటి మొప్పలు. మూతి ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉండేది. చచ్చిపోయేటప్పుడు కూడా అలాగే ఉంది.

నా పేరు స్వరూప. కోరుట్లలో జాకెట్లు కుడతాను. రషీదాబీకీ నాకూ మధ్య పొట్టి గోడ ఒక్కటే. మిషన్ దగ్గర కూర్చుంటే ఆమె వాకిలి మొత్తం నాకు కనబడుతుంది. ఆమె పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల చప్పుడు మధ్య. పెళ్లయి కోరుట్లకు వచ్చిన మర్నాడే అత్త ఆమె ఒడిలో చేట పెట్టిందట. చేటలో తునికాకు, తంబాకు, దారం, కత్తెర. నలభై ఏళ్లయింది, ఆ చేట ఒడిలోంచి దిగలేదు. భర్త హుస్సేన్ సైకిళ్లు బాగుచేసేవాడు. గుండె ఆగి పోయాడు. కూతురు ఫౌజియాను జగిత్యాలకిచ్చింది. కొడుకు ముజాహిద్‌ను ముజ్జు అనేది. వాడూ జగిత్యాలలోనే రంగు చేపల దుకాణం పెట్టుకుని రోజూ బండి మీద వెళ్లొచ్చేవాడు. వాణ్ణి బీడీలు చుట్టే చదివించింది. ఆ మాట ఆమె నోటితో ఎప్పుడూ అనలేదు. నేనంటున్నాను.

దుకాణంలో అమ్మడానికని తెప్పించిన ఆ జీవాన్ని ముజాహిద్ అమ్మలేకపోయాడు. ఒకరోజు గాజు తొట్టితో సహా ఇంటికి తెచ్చి వసారాలో పెట్టాడు.

"సూడు అమ్మీ, నిన్ను సూసి నవ్వుతుంది" అన్నాడు.

"నన్ను సూసి గాదు, నీ పిచ్చిని సూసి" అంది ఆమె. కానీ గులాబ్ అని పేరు పెట్టింది మాత్రం ఆమే.

దాన్నెలా చూసుకోవాలో వాడు ఓపిగ్గా నేర్పాడు. నల్లా నీళ్లు ఒకరోజు ఊరికే ఉంచి, మందు వాసన పోయాకే పోయాలి. వానపాములు కడిగి పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, నీళ్లు చల్లగా ఉండాలి. ఆ తర్వాత కొద్ది నెలలకే, చలికాలంలో, జగిత్యాల నుంచి వస్తుండగా వాడి బండిని లారీ గుద్దింది. దుకాణాన్ని వాడి స్నేహితుడు అజ్మల్ తీసుకున్నాడు. వసారాలో తొట్టి మాత్రం అలాగే ఉండిపోయింది.

అప్పటినుంచి రషీదాబీకి లోకంలో ఒకటే పని, గులాబ్‌ను బతికించుకోవడం. నమాజు, బీడీలు, అన్నం, అన్నీ దాని తర్వాతే. కొడుకు చేతి నుంచి నేరుగా ఆమె చేతికి వచ్చిన ప్రాణం అదొక్కటే.

మాఘం పోయి ఎండలు ముదిరేసరికి అజ్మల్ జగిత్యాల నుంచి వచ్చాడు. మంచివాడు, మాట మెత్తన.

"ఖాలా, గిది చల్లదేశం పానం. మన ఎండలకు ఆగది. దుకాణంల ఏసీ పెట్టించిన. వానలు పడేదాక నా తాన ఉంచి, మల్ల నేనే తెచ్చిస్త."

ఆమె వాడి మొహంలోకి చూసి, "నా కొడుకును గూడ దవాఖానకు తీస్కపోయి తెచ్చిస్తమనే అన్నరు బేటా" అంది.

అజ్మల్ నీళ్ల వేడి చూసే గాజుపుల్ల ఒకటి ఇచ్చి, ఎంత దాటకూడదో చెప్పి వెళ్లిపోయాడు. ఆ పుల్ల ఆమె గోడ గూట్లోకి చేరింది. "గా గీతలు నాకేం ఎర్క బిడ్డా? చెయ్యి పెడ్తె ఎర్కైతది నాకు" అంది నాతో.

గాజు తొట్టి వేడెక్కుతోందని కుమ్మరోళ్ల దగ్గర్నుంచి మట్టి గోళెం తెప్పించింది. మూలన ఇసుక పోసి, దాని మీద గోళెం నిలబెట్టి, చుట్టూ గోనెసంచి కట్టి తడుపుతూ కూర్చుంది. మా ఫ్రిజ్‌లో నాకంటే ఆమె నీళ్ల సీసాలే ఎక్కువ ఉండేవి. గడ్డకట్టిన సీసా గోళెంలో వేయడం, కరిగింది తెచ్చి మళ్లీ మా ఫ్రిజ్‌లో పెట్టడం. ఫ్రిజ్ తలుపు ఊడిపోతుందేమోనని నేను సణిగినా ఆమె చెవిన వేసుకోలేదు. రోజూ సగం నీళ్లు తీసేసి, ఒకరోజు ఉంచిన కొత్త నీళ్లు పోసేది. బీడీలు చుడుతూ చుడుతూ చెయ్యి గోళెంలో ముంచి చూసేది. చల్లగా ఉంటే గులాబ్ వీపు మీద ఒక వేలు ఆనించి, మళ్లీ చేటలోకి చెయ్యి. వానపామును కూడా వేళ్లతోనే అందించేది. అది వచ్చి ఆమె చూపుడు వేలిని నోటితో పట్టుకుంటే చిన్నపిల్లలా నవ్వేది. కొడుకు పోయాక ఆమె నవ్వింది అప్పుడే.

ఫౌజియా కడుపుతో ఉండి ఆ వైశాఖంలోనే వచ్చింది. "అమ్మీ, నాకు నొప్పులస్తె నువ్వు అస్తవా, గీ చేపను ఇడిశిపెట్టి రానంటవా?" అని ఏడిపించింది. మేమందరం నవ్వాం. మా గల్లీలో కోళ్లు సొమ్మసిల్లి పడ్డ ఎండల్లో గులాబ్ బతికి బట్టకట్టింది. మేలో పోతుందని పందెం కాసిన మా ఎదురింటి సాయికిరణ్‌కు మొహం మాడిపోయింది. నాకు భలే సంతోషమేసింది.

వానలు పడ్డాయి. అమ్మయ్య అనుకున్నాం. ఇక రోజూ నీళ్లు మార్చాల్సిన పనిలేదనీ, వారానికోసారి కొద్దిగా తీసి పోస్తే చాలనీ అజ్మల్ ఫోన్లో చెప్పాడు. వాడు చెప్పింది సరైనదే, ఇంకెవరింట్లోనైనా అయితే. జల్లుకు తంబాకు మెత్తబడుతుందని రషీదాబీ వసారా లోపలికి జరిగి కూర్చుంది. గోళెం కూడా తన పక్కకే జరిపించుకుంది. చల్లదనం చూడాల్సిన అవసరం తీరిపోయినా చెయ్యి ముంచే అలవాటు పోలేదు. ఒళ్లో చేట, పక్కన గులాబ్. ఆమెకు అంతకన్నా ఏం కావాలి?

మొదట గులాబ్ వానపామును వద్దంది. తర్వాత మొప్పల ఈకలు ముడుచుకుపోయాయి. తోక కొన వంకర తిరిగింది. ఒకరోజు అది ఒళ్లంతా మెలితిప్పుకుంటూ గోళెం అంచులకు కొట్టుకోవడం చూసి రషీదాబీ గోడ మీంచి నన్ను కేకేసింది. నేను అజ్మల్‌కు ఫోన్ చేశాను. పాపం, వానలో తడుస్తూ వచ్చాడు.

వచ్చీ రాగానే నీళ్లలో చెయ్యి పెట్టి చూశాడు. "నీళ్లు సల్లగనే ఉన్నయ్ గదా" అని అయోమయంగా అని, "రెండు తెల్ల బకెట్లు తెండ్రి, దీన్ని మంచినీళ్లల్లకు మారుస్త" అన్నాడు. ఒక బకెట్‌లో మంచినీళ్లు పోసి గులాబ్‌ను అందులో వదిలాడు. గోళెం నీళ్లను ఇంకో బకెట్‌లోకి వంచాడు.

మట్టి గోళెంలో ఆ నీళ్ల రంగు ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. తెల్ల బకెట్‌లో ఆ నీళ్లు పలచటి చాయ్ రంగులో ఉన్నాయి. అజ్మల్ దోసిట్లోకి తీసుకుని వాసన చూశాడు. తల తిప్పి రషీదాబీ చేట వైపు చూశాడు. ఎండాకాలమంతా రోజూ మార్చిన నీళ్లతో పాటే పోయిన తంబాకు, వానల్లో గోళెంలోనే నిలిచిపోయింది. చేపలమ్ముకునేవాడికి తంబాకు చేతుల సంగతి అంతవరకూ తట్టనేలేదు.

ఆమె తన చేతుల్ని ముందుకు చాపి చూసుకుంది. వేళ్లు గోధుమరంగు, గోళ్ల సందుల్లో నల్లగా పొడి.

"దానికి వయసైంది ఖాలా" అన్నాడు అజ్మల్, నేలచూపులు చూస్తూ.

"అబద్ధం ఆడకు. పదేండ్లు బతుకుతదని ముజ్జునే చెప్పిండు."

తర్వాత నావైపు తిరిగింది. "ముజ్జు పాలు తాగేటప్పుడు తాగిందల్ల కక్కుతుండె బిడ్డా. మా అత్త బూడిదపెట్టి నా చేతులు తోమిపిచ్చింది. తంబాకు చేతులతోని పిల్లగాన్ని ముట్టకు, పానం పోతది అని తిట్టింది. గప్పటిసంది చేతులు కడగంది వాన్ని ముట్టలె. నాకు ఎర్కున్న ముచ్చటనే. ఎర్కుండి గిట్ల చేసిన."

మంచినీళ్లలో గులాబ్ కొంచెంసేపు నిమ్మళంగా ఉన్నట్టే కనబడింది. మాకు ఆశ పుట్టింది. తర్వాత అది మెల్లగా పక్కకు ఒరిగి పైకి తేలింది. అజ్మల్ దాన్ని వేపచెట్టు కింద పాతిపెట్టాడు. ఆమె ముట్టుకోలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఫౌజియాకు జగిత్యాలలో కొడుకు పుట్టాడు. కాన్పుకు రమ్మంటే రషీదాబీ జ్వరమని అబద్ధం చెప్పింది. నలభై రోజులు దాటాక ఫౌజియానే పిల్లాణ్ణి తీసుకుని వచ్చింది. ఆరోజు తెల్లారినప్పటినుంచీ రషీదాబీ నీళ్ల తొట్టి దగ్గరే ఉంది. సబ్బు పెట్టింది, సోడా పెట్టింది, చింతపండు పెట్టి రుద్దింది. తోలు ఊడి ఎర్రబడ్డాక చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మళ్లీ రుద్దింది. నలభై ఏళ్ల వాసన ఒక పొద్దుటి పూటలో పోతుందా?

ఫౌజియా పిల్లాణ్ణి చాపితే ఆమె రెండు చేతులూ చున్నీ కిందికి లాక్కుంది.

"ఎత్తుకో అమ్మీ."

"చేతులు మంచిగ లెవ్వు బేటీ."

"కడిగినవు గదా?"

"కడిగిన. అయినా వద్దు."

పిల్లాడి మొహం మీదికి వంగి, "ముజ్జు లెక్కనే ఉన్నడు" అని మాత్రం అంది. వాడు కాళ్లాడిస్తూ ఆమె చున్నీ అంచు అందుకోబోతే వెనక్కి జరిగింది. ఫౌజియా కళ్లనీళ్లు పెట్టుకుని పిల్లాణ్ణి గోడ మీంచి నా చేతికిచ్చి, "జర పట్టుకో స్వరూపక్కా. భాయి పోయినంక మా అమ్మీకి ఎవలూ అక్కర్లేదు" అంటూ సంచి సర్దుకోసాగింది. నేను నోరు తెరవబోయాను. రషీదాబీ వద్దని తల అడ్డంగా ఊపింది. నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఆటో వచ్చింది, వాళ్లు వెళ్లిపోయారు.

రషీదాబీ వసారాలోకి వెళ్లి చేట ఒడిలోకి లాక్కుంది. బీడీ కట్టలు సాయంత్రానికల్లా కార్ఖానాలో ఇవ్వాలి. తునికాకులో తంబాకు పోసి, చుట్టి, దారం కడుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"నువ్వు ఎత్తుకున్నవ్ గదా బిడ్డా, పిల్లగాడు ఎంత బరువున్నడు?"

"మంచి బరువున్నడు ఖాలా" అన్నాను.

తల ఊపి, ఇంకో ఆకు తీసుకుంది.