మావయ్య రేకు బాకా

మొన్న పక్కింటి ట్రాన్సిస్టర్‌లో క్రికెట్ చెబుతున్నాయన "క్షమించాలి, అది క్యాచ్ కాదు" అని ఓ నవ్వు నవ్వి ముందుకెళ్లిపోయాడు. తప్పు చెప్పినవాళ్లు ఇంత సులువుగా ఒడ్డెక్కొచ్చని తెలియక బతికిన మా మేనమామ గుర్తొచ్చాడు.

పంతొమ్మిది వందల ముప్పైల్లో మాట. మావయ్య ఏలూరులో డ్రిల్లు మేష్టరు. ఆ బడికొచ్చిన అమెరికా దొర ఒకాయన తమ దేశంలో బంతాటల్ని జనానికి నోటితోనే చూపించేవాడట. ఆ విద్యనీ, ఒక రేకు బాకానీ మావయ్యకిచ్చి ఆయన ఓడెక్కాడు. ఆ తర్వాత ఏలూరులో ఫుట్‌బాలైనా, తాడేపల్లిగూడెంలో చెడుగుడైనా మావయ్య గొంతు లేనిదే మొదలయ్యేది కాదు. వెనక నిలబడి మగాళ్ల తలపాగాలు తప్ప ఇంకేమీ కనపడని ఆడవాళ్లకి ఆయన మాటే ఆట. ఒక ముసలమ్మ ఆయన చెప్పిన చెడుగుడు విని, మర్నాడు ఒళ్లునొప్పులని మంచం దిగలేదు. అన్నిటికంటే పెద్దది కొల్లేట్లో దోనెల పందెం. వానలు వెనకపట్టాక మా లంకకీ ఎదుటి లంకకీ జరిగేది. గెలిచిన ఊరిదే ఆ యేడు పెద్ద కాలవలో మొదటి వల, అంటే ఇళ్లల్లో రెండుపూటలా అన్నం. మావయ్య బాకాలోంచి వచ్చిన పేరుకి తిరుగులేదు. అందుకని ఒక కట్టుబాటు ఉండేది: పందెం అయ్యేదాకా ఆయన ఏ లంకలోనూ మంచినీళ్లయినా ముట్టకూడదు. మరచెంబూ, అటుకుల మూటా ఏలూరు నుంచే తెచ్చుకుని, సొంత చెల్లెలి గుమ్మం ముందు నుంచి తలొంచుకుని పోయేవాడు.

ఆ యేడు జ్వరం నుంచి లేచి వచ్చాడు. పీక్కుపోయిన మొహం చూసి అమ్మ ఉండబట్టలేకపోయింది. "రెండు ముద్దలు తిను అన్నయ్యా. తలుపేస్తాను, ఎవరు చూస్తారు?" అంది. కొర్రమీను పులుసు వాసనకి ఆయన కాళ్లు కదల్లేదు. తిన్నాడు.

సాయంత్రం రెండు దోనెలూ పక్కపక్కనే వచ్చాయి. మా దోనెలో ముందు గెడ నాన్నది. మూరెడు ముందు మాదే గట్టుకి తగిలింది. నా కళ్లతో నేను చూశాను. బాకా పైకి లేచి, ఒక్క క్షణం ఆగి, ఎదుటి లంక పేరు చెప్పింది. తిన్న ఇంటికి వంత పాడాడంటారని భయపడి, ఆ మనిషి తిన్న ఇంటికే అన్యాయం చేశాడు. పోనీ దిద్దుకుందామంటే, మాట ఎందుకు మార్చావని ఆరా తీస్తారు, పులుసు సంగతి బయటపడుతుంది, చెల్లెలు నలుగురిలో పలచనవుతుంది.

నాన్న తడిబట్టలతోనే వచ్చి నెమ్మదిగా అడిగాడు. "బావగారండీ, ఎండ కళ్లలో పడిందేమోనండి?" ఆయన పరువు కాపాడ్డానికి అందించిన మాట అది. మావయ్య దాన్ని అందుకోలేదు.

"లేదండి బావగారూ. బాగానే కనపడిందండి" అన్నాడు. పక్కనున్న అమ్మ తల పైకెత్తలేదు. తలుపేసింది తనే కదా.

ఆ యేడు మా లంకలో చాలా ఇళ్లల్లో ఒంటిపూటే పొయ్యి వెలిగింది. మావయ్య మళ్లీ బాకా పట్టలేదు. ముసలితనంలో కూడా పందెం మాటొస్తే ఆయన చెవులు ఎర్రబడేవి, అమ్మ లేచి వంటింట్లోకి పోయేది. ఏళ్లు గడిస్తే సిగ్గు పలచబడుతుందంటారు. వాళ్లిద్దరూ పోయి ఎన్నాళ్లో అయింది. మోసేవాళ్లు లేక అదిప్పుడు నా దగ్గరికొచ్చి కూర్చుంది.