రెండు గ్రాముల దూది

మా ల్యాబులో ఎలుకలను చూసుకునే ఆయన్ని అందరం బాబాయ్ అంటాం. మనిషి బంగారమే కాని, ఒళ్ళు మండించడంలో ఆయన తరువాతే ఎవరైనా. మేత రిజిస్టరు రాసేది నేను. అర గ్రాము తేడా వచ్చినా నా కలం లాక్కుని దిద్దేస్తాడు. ఇంట్లో ఎలుక కనబడితే మాత్రం బోను పెడతాడట. అదేమిటని పిన్ని అడిగితే, "ఇది దొంగ. ల్యాబులోవి ఉద్యోగస్తులు" అన్నాడట.

ఆ ఏడాది ఒక అమ్మాయి పరిశోధన కోసం చలిగది తెరిచారు. లోపల ఐదు డిగ్రీలు. పై అర, కింది అర అని రెండు వరసల్లో పంజరాలు పెట్టి, ఎలుకలను నెలన్నర అందులో ఉంచాలి. మొదట్లో అవి గజగజ వణుకుతాయి. ఆ వణుకుతోనే కండరాలు వేడి పుట్టిస్తాయి. రోజులు గడిచేకొద్దీ వణక్కుండానే వేడి పుట్టించడం ఒంటికి అలవాటవుతుంది. ఆ పొయ్యికి కట్టెలు కావాలి కాబట్టి తిండి మాత్రం బాగా పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నదే ఆ అమ్మాయి మూడేళ్ళ కష్టం.

పై అర ఎలుకలు అలాగే తెగ తిన్నాయి. కింది అరవి మాత్రం ఎప్పటిలాగే కాస్త తిని, హాయిగా ఉన్నాయి.

అమ్మాయి ఎగిరి గంతేసింది. "అక్కా, వీటి కండరాలు ఏదో కొత్త పొదుపు కనిపెట్టాయి!" అంటూ అందరికీ మిఠాయి పంచింది. పెద్ద సభలో చెప్పడానికి పేరు కూడా ఇచ్చేసింది. బాబాయ్ మిఠాయి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తిండి వద్దనే మనిషి కాదు. నాకు అనుమానం వచ్చింది.

స్టోరు గదిలోకి లాక్కెళ్ళి నిలదీస్తే జేబులోంచి దూది తీశాడు.

"ఫ్యాను గాలంతా కింది అరకే కొడుతోంది తల్లీ. పిల్లలు వణుకుతుంటే చూడలేకపోయాను. సాయంత్రం వెళ్ళేటప్పుడు పెట్టి, పొద్దున్నే మీరు రాకముందే తీసేస్తున్నా."

"పిల్లలా! మతి పోయిందా బాబాయ్? ఆ అమ్మాయి అంతమంది ముందు నిలబడి, నీ దూదిని కండరాల మహిమ అని చెప్పబోతోంది!"

"నేను నోరు విప్పితే ఉద్యోగం పోతుందమ్మా."

"విప్పకపోతే ఆ అమ్మాయి పరువు పోతుంది."

రిటైరవడానికి ఆయనకింకా పదకొండు నెలలున్నాయి. నాకు కోపం, జాలి రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆయన మిఠాయి నా చేతిలో పెట్టి, దూదితో తిన్నగా డైరెక్టరుగారి గదికి నడిచాడు. అమ్మాయి కూడా అక్కడే ఉంది.

అంతా విని డైరెక్టరుగారు బల్ల గుద్దారు. అమ్మాయి భోరున ఏడ్చింది, ఇక మీ మొహం చూడనని బాబాయ్‌తో అంది. కాసేపటికి ముక్కు తుడుచుకుని ఆ మొహాన్నే అడిగింది. "ఒక్కో పంజరంలో ఎంత పెట్టారు?"

"రెండు గ్రాములమ్మా. ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువైతే అన్యాయం కదా. రోజూ తూచే పెట్టాను."

డైరెక్టరుగారు అటు తిరిగి దగ్గారు. నవ్వాపుకోవడానికేనని నాకు తెలుసు.

కొత్త ఎలుకలతో ప్రయోగం మళ్ళీ మొదలైంది. ఈసారి కింది అరకు రెండు గ్రాముల దూది అని రాసిపెట్టుకున్నారు. పై అరకు ఏమీ లేదు. బాబాయ్ ఉద్యోగం నిలిచింది కాని, రెండు అరలూ ఆయనే చూడాలన్నారు. పై అరలో దూదిపోగు కనబడితే మర్నాటి నుంచి రానక్కర్లేదన్నారు.

నెల తిరిగాక పిన్ని ఆఫీసుకొచ్చి నా మీద పడింది. "ఏం పని చేయిస్తున్నారే ఆయనచేత? నా వంతు కూడా తినేస్తున్నారు, అయినా ప్యాంటు జారిపోతోంది!"

ఆవిణ్ణి చలిగది దగ్గరికి తీసుకెళ్ళాను. ఎప్పుడూ రెండు స్వెట్టర్లు వేసుకుని లోపలికి వెళ్ళే మనిషి, పలచటి చొక్కాతో పై అర ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు. రోజూ రెండు గంటలు అలాగే కూర్చుంటున్నాడని అప్పుడే తెలిసింది. పిన్ని తలుపు తోసింది.

"పిచ్చా మీకు? స్వెట్టరేది?"

"వీటికి లేదు కదే," అన్నాడు బాబాయ్, ఏమాత్రం వణక్కుండా.