నీటి అడుగున వదిన చేను

నిన్న మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఫొటో పెట్టారు. నాగావళి పొంగి మునిగిన వరిచేను. గట్లు కూడా కనబడవు. కింద ఒకే మాట: ‘పోయింది’. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. నేను పెట్టలేదు. నీరు ఎక్కిన తేదీ, దిగిన తేదీ, నాటి ఎన్నాళ్ళయిందీ తెలియకుండా ఒక చేనును పోయిందనడానికి నాకు మనసొప్పదు. విజయనగరంలో వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. సంఖ్య లేని సంతాపం నాకు చేతకాదు. పైగా ఆ మాటను లక్ష్యపెట్టని మనిషి మా ఇంట్లోనే ఉంది: మా వదిన, పెద్దన్నయ్య భార్య.

అన్నయ్య పోయాక పొందూరు అవతల ఉన్న పల్లపు పొలాన్ని ఆవిడే చేయిస్తోంది. నిరుటికి ముందటి ఏడు ఉభాలు అయి (నాట్లను మా వైపు అలాగే అంటారు) నెల తిరక్కుండానే ఏరు పొంగింది. నీరు చేను మీద పన్నెండు రోజులు నిలిచింది. దిగాక మిగిలినది బురద పూసుకుని పడుకున్న గోధుమరంగు ఆకు, దాని మీద పులిసిన వాసన. ఊరంతా దున్నించి మళ్ళీ వేసుకునే తొందరలో ఉంది. అప్పుడు వదిన ఫోన్ చేసింది. “బాబూ, నీ సదువంతా పట్టుకుని ఓపాలి రా. ఈడు నా పంట దున్నిస్తానంతన్నాడు.”

ఈడంటే ఆవిడ కొడుకే. నేను వెళ్ళేసరికి ట్రాక్టరు గట్టెక్కి ఉంది. వదిన సరిగ్గా అది మడిలోకి దిగే చోట చెప్పులు పక్కన విడిచి కూర్చుని ఉంది. కొడుకు వాదనలో తప్పులేదని ముందే చెప్పాలి. ఆ రోజే దున్నితే తక్కువ కాలంలో పండే వరి వేసుకోవచ్చు. ఆగి, చేను నిజంగా చచ్చిందని తేలితే ఆ ఏడు గింజ ఉండదు; ఆ పొలం మీద వదిన మాటకు విలువా ఉండదు.

“అమ్మా, ట్రాక్టరు ఇయ్యాలే దొరికినాది. రేపు అడిగితే నేదంతాడు.”

“దున్నడానికి ఇదేటి ఖాళీ జాగానా? పంటున్నాది.”

“ఎక్కడున్నాది? కుళ్ళుకంపు కొడతన్నాది.”

నేను మడిలో దిగి అక్కడక్కడా మొక్కలు పీకి, మొదలును బ్లేడుతో నిలువునా చీల్చి చూశాను. ఎగువ మడుల్లో లోపలి మొవ్వు తెల్లగా, గట్టిగా ఉంది. పల్లపు మూల మడిలో మాత్రం వేలికి మెత్తగా తగిలింది. చూసినది చూసినట్టు చెప్పాను. కొడుకు నవ్వాడు. “సిన్నాన్నా, గుప్పెడు మొక్కలు కోసి సేనంతటికీ సాచ్చికం సెప్తావేటి?” ఆ ప్రశ్న న్యాయమైనదే, నా విద్యార్థి ఎవరైనా అడిగి ఉంటే మార్కులు వేసేవాణ్ణి.

అయినా గట్టు మీద నిలబడి నా పాఠం చెప్పాను. గాలి అందినప్పుడు కణం ఒక గ్లూకోజు అణువును చివరంటా విరిచి, శక్తిని మోసే ఏటీపీ అణువులను ముప్ఫై దాకా సంపాదిస్తుంది. నేను చదువుకున్నప్పుడు ముప్ఫై ఎనిమిది అనేవారు. లెక్క మారింది, నేనూ దిద్దుకున్నాను. నీటి అడుగున గాలి అందదు. అప్పుడు కణం ఆ విరవడాన్ని మధ్యలో ఆపేస్తుంది; దక్కేవి రెండే. మిగిలినదాన్ని ఆల్కహాలుగా మార్చి బయటికి తోసేస్తుంది. అలా మార్చకపోతే తరవాతి గ్లూకోజును విరవడం కుదరదు. మామూలు వరి ఊపిరికోసం నీటి పైకి ఎగబాకి, ఉన్న పిండిపదార్థమంతా ఖర్చుపెట్టుకుని, నీరు దిగగానే కూలిపోతుంది. వదిన వేసినది ముంపును తట్టుకునే రకం; అది నీటి కింద పెరగడం మానేసి, ఆ రెండేసి ఏటీపీలతోనే ప్రాణం పట్టుకుంటుంది. ఇది నష్టపు బేరమని పుస్తకాలు రాస్తాయి. నేను ఒప్పుకోను. ముప్ఫైకీ రెండుకూ ఉన్న దూరం కంటే రెండుకూ సున్నాకూ ఉన్న దూరం ఎక్కువ.

వదిన అంతా విని, “అయితే నా పంట నీళ్ళలో కూకుని సారా కాసినాదన్నమాట. ఎక్సైజోళ్ళకి సెప్పకు,” అంది. తరవాత కొడుకువైపు తిరిగి, గొంతు పెంచకుండానే, “ట్రాక్టరు తిప్పి అంపీ. ఎండితే నా సేను ఎండుతాది. నేను లెగను,” అంది.

ట్రాక్టరు తిరిగి వెళ్ళింది. కొడుకు తల్లితో మాట మానేశాడు. దారినపోయే వాళ్ళు “ఏటమ్మా, గడ్డి పెంచతన్నావేటి” అని పలకరించేవారు. “నీ గేదికి కావాలంటే సెప్పు, ఇయ్యను గానీ దానికి సూపిత్తాను,” అనేది వదిన. నేను విజయనగరం తిరిగి వచ్చేశాను గాని, నిజం చెప్పాలంటే, నా అంకెల మీద నాకున్న నమ్మకం ఆ వారం రాత్రిపూట కొంత సన్నగిల్లేది.

మొవ్వుల్లోంచి సూదుల్లా పచ్చని ఆకు లేచిందని కబురు వచ్చాక మళ్ళీ వెళ్ళాను. ఎగువ మడులు నిలబడ్డాయి. మూల మడి చచ్చింది. అందులో వదిన కొడుకు మోకాళ్ళలోతు బురదలో వంగి, బతికిన దుబ్బుల నుంచి చీల్చిన పిలకలు నాటుతున్నాడు. నన్ను చూసి, “ఆ మూల బోడిగుంటే సూడ్డానికి బాగోదు, సిన్నాన్నా,” అన్నాడు. వదిన గట్టు మీద నుంచి, “వరస వంకరొస్తన్నాది, సూసుకో,” అంది. వాళ్ళిద్దరూ అంతకంటే రాజీ మాటలేవీ ఆడుకోలేదు.

ఆ చేను ఊళ్ళో అందరికంటే వెనక కోతకొచ్చింది. ఆలస్యమైందని ఎవరైనా అంటే వదిన ఇప్పటికీ తగువుకు దిగుతుంది. నీటి అడుగున గడిచిన కాలాన్ని పోయిన కాలమని ఆవిడ ఒప్పుకోదు. నా లెక్కలోనూ ఆ పన్నెండు రోజులూ బతికిన రోజులే.