మామగారి మూడు తట్లు

మామగారు ఈ లోకంలోని సమస్త విషయాలనూ తట్టి తేల్చేసేవారు. ఒకసారి తడితే ‘ఇంకొంచెం’, రెండుసార్లు తడితే ‘బాగుంది’, మూడుసార్లు తడితే ‘తీసెయ్’.

ఈ భాష ఆయన సొంతం కాదు. పాత విమానాలను బాగుచేసే షెడ్డులో పుట్టింది. రేకులను రివెట్లతో కలిపేటప్పుడు ఒకరు బయట నిలబడి గన్నుతో కొడతారు. ఇంకొకరు లోపల కూర్చుని, రివెట్ తోకకు ఇనప దిమ్మ ఆనిస్తారు. ఆ మోతలో నోరున్నా లేనట్టే కాబట్టి, తోక ఎలా అణిగిందో లోపలి మనిషి దిమ్మతో తట్టి చెప్పాలి. అంతవరకూ బాగానే ఉంది. మామగారు ఆ భాషను ఇంటికి కూడా తీసుకుపోయారు. పైగా రెండు తట్లనేవి ఆయన నిఘంటువులో ఉన్నట్టు ఎక్కడా దాఖలా లేదు.

“కటింగు ఎలా ఉంది సార్?” అని అడిగినందుకు ఒకసారి మంగలి కుర్చీ చెయ్యి మీద మూడు తట్లు వేశారు. ఆయన భాష కొంత తెలిసిన ఆ మహానుభావుడు మిగిలిందంతా తీసేశాడు. ఇంట్లో కూర మీద మూడు తట్లు వేసిన రోజున అత్తగారు నిజంగానే కంచం తీసేశారు. అప్పటినుంచీ భోజనాల బల్ల దగ్గర మామగారికి ఒక్క తట్టే వచ్చు. ‘ఇంకొంచెం’. దాని ఫలితం ఆయన నడుము చుట్టూ ఏటేటా విస్తరిస్తూ వచ్చింది.

అలాంటి గురువు దగ్గర సాక్షాత్తూ ఆయన అల్లుడే శిష్యుడయ్యాడు. తను లెక్కలు రాసే కంపెనీ మూతపడి, ఈ పని నేర్చుకుందామని వచ్చాడు. అసలైన విమానం రెక్క మీద ఇన్‌స్పెక్టరమ్మ ఎదుట ఒక వరస రివెట్లు కొట్టి మెప్పిస్తే ఉద్యోగం. లేకపోతే మళ్ళీ రోడ్డే. చెయ్యి మంచిదే. గుండే పిరికిది. ఒక్క తప్పు పడిందా, వేళ్ళన్నీ వణికేవి.

“అల్లుడుగారూ, తమరి రివెట్ చూడముచ్చటగా ఉందండీ,” అనేవారు మామగారు సాధన రేకు వెనకనుంచి.

“అయితే ఉంచేద్దామా మావయ్యగారూ?”

టక్, టక్, టక్.

అల్లుడు నిట్టూర్చి డ్రిల్లు అందుకునేవాడు. తల మధ్యలో తొలిచి, రేకును తాకకముందే ఆపి, తల విరిచి, తోకను అవతలికి నెట్టాలి. చిల్లు వెడల్పైతే రేకే పాడవుతుంది. అలా తీసిన తోకలతో బల్ల మీది డబ్బా నిండిపోయింది.

“మీ నాన్నగారు ఇవాళ కూడా అన్నీ తీయించేశారు,” అని ఇంటికొచ్చి మొరపెట్టుకుంటే, భార్య నవ్వేది.

“మన పెళ్ళిచూపుల్లో మిమ్మల్ని చూసి మూడు తట్టలేదు. అందుకు సంతోషించండి!”

పరీక్ష రోజు రానే వచ్చింది. మామగారు దిమ్మతో సహా రెక్కలోకి దూరారు. బయటికి ఆయన అరికాళ్ళు మాత్రమే దర్శనమిస్తున్నాయి. ఇన్‌స్పెక్టరమ్మ అల్లుడి భుజం పక్కనే నిలబడింది. అతను మొదటి రివెట్ కొట్టాడు.

టక్, టక్.

అల్లుడు మూడోదాని కోసం చెవులు రిక్కించాడు. రాలేదు. నమ్మలేకపోయాడు. ఆ ఆనందంలో రెండో రివెట్ దగ్గర గన్ను పక్కకు ఒరిగి, తల మీద నెలవంకలా నొక్కు పడింది. రివెట్ అతన్ని చూసి పళ్ళికిలించినట్టుంది.

లోపలి తోక భేషుగ్గా ఉన్నట్టుంది. మామగారు మళ్ళీ రెండే తట్టారు.

లోపలివాళ్ళకు కనపడని ఆ నొక్కును అల్లుడు తడిమి చూశాడు. గన్ను పక్కన పెట్టాడు. వేళ్ళతో రెక్క మీద, బయటినుంచి, తట్టాడు.

టక్, టక్, టక్.

డ్రిల్లు అందుకున్నాడు. తొలిచాడు, విరిచాడు, నెట్టాడు. కొత్తది కొట్టాడు. వరస పూర్తయ్యాక గానీ, తన వేళ్ళు వణకలేదన్న సంగతి అతనికే తెలియలేదు.

“కొట్టేవాళ్ళని చాలామందిని చూశాను బాబూ. ఇంత శుభ్రంగా తీసేవాణ్ణి చూళ్ళేదు,” అంటూ ఆవిడ బల్ల మీది డబ్బాలోంచి గుప్పెడు తోకలు తీసి కళ్ళజోడు సవరించుకుంది. “అయ్యో, ఇవన్నీ బాగున్నవే! ఎందుకు తీసేశారు?”

అల్లుడు తెల్లబోయి రెక్కవైపు చూశాడు. లోపలినుంచి దగ్గు వినిపించింది.

“గుండె పిరికిదండీ ఆయనది,” అంది రెక్క. “తీయడం అలవాటైతే తప్పంటే భయం పోతుందని... ఆయనకి చెప్పకండి.”

“విన్నాను మావయ్యగారూ!”

“అదే వచ్చిన చిక్కు.”

ఆవిడ నవ్వుతూ అల్లుడితో చెయ్యి కలిపింది. “రేపే చేరిపోండి.”

సరిగ్గా అప్పుడే రెక్కలోంచి గట్టిగా వినిపించింది. టక్, టక్, టక్.

అల్లుడు కంగారుగా మళ్ళీ రెక్క మీదికి వంగాడు. వరసంతా పరకాయించి చూశాడు. ఒక్క వంక లేదు.

“ఏది తీసెయ్యమంటారు మావయ్యగారూ?”

“నన్నండీ బాబూ, నన్ను! నడుం ఇరుక్కుపోయింది!”