గాలిలో నీళ్ళు చూసిన మావయ్య

మా చిన్న మావయ్య పోయారని అత్తయ్య ఫోన్ చేసినప్పుడు నేను ఇడ్లీ పెట్టి, చట్నీకి పల్లీలు వేయిస్తున్నాను. "లేచి కాఫీ అడిగారే. తెచ్చేసరికి కుర్చీలోనే..." అంది. నేను ఫోన్ పెట్టేసరికి పల్లీలు మాడిపోయాయి.

బాధ నా వంతు నాకు ఉంది. కానీ ఇది బాధతో రాయడం లేదు, కోపంతో రాస్తున్నాను. పెద్దకార్యం నాడు భోజనాల దగ్గర ఒకాయన అన్నాడు: "మంచి మనిషే. కానీ ఆ ప్లాస్మా మెషిన్ విషయంలో తానూ మోసపోయాడు, నన్నూ ముంచాడు." అన్నది ఎవరో కాదు, మావయ్య దగ్గరే వెల్డింగు నేర్చుకుని, అదే వీధి చివర సొంత షెడ్డు పెట్టుకున్న శిష్యుడు. ఆ మాట పచ్చి అబద్ధం. మెషిన్ కొన్న రోజు మావయ్య పక్కన ఉన్నది నేను.

తణుకులో కాలవగట్టు రోడ్డు మీద, ఇంటి పక్కనే మావయ్య షెడ్డు. గేట్లు, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లకు ఫ్రేములు, రొయ్యలు శుభ్రం చేసే చోట వాడే స్టీలు బల్లలు చేసేవారు. గేట్లున్నంత కాలం గ్యాస్ కటింగ్ సరిపోయింది. స్టీలు బల్లలు మొదలయ్యాక ఇబ్బంది వచ్చింది. "గ్యాసు ఇనుముని కాల్చి కోస్తుందమ్మా. స్టీలు అలా కాలదు. మొండికేస్తుంది" అనేవారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. నాకేమో ఇంట్లో గ్యాసు బండ మార్చిన తారీఖు కూడా రాసిపెట్టుకునే అలవాటు. అందుకని ఒకరోజు వచ్చి, "అమ్మాయ్, నీ నోట్‌బుక్కు పట్టుకుని బయల్దేరు, రాజమండ్రి వెళ్దాం" అన్నారు.

ప్లాస్మా కట్టర్ అంటే ఏంటో నాకు బస్సులో చెప్పారు. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి చేత్తో పట్టుకునే టార్చిలోని సన్నటి రంధ్రంలోంచి తోసుకుని వస్తుంది. అక్కడ కరెంటు రవ్వ తగలగానే ఆ గాలే కరెంటును మోసేంతగా వేడెక్కిపోతుంది. ఆ ధార ప్లేటుకి తగిలిన చోట లోహం కరుగుతుంది, వెనక వచ్చే గాలి కరిగినదాన్ని కిందికి ఊదేస్తుంది. కరెంటు పారే లోహం ఏదైనా సరే, ఇనుమో స్టీలో అల్యూమినియమో, తెగుతుంది. "అంతా గాలి చేసే పనే. గాలి బాగుంటే కోత బాగుంటుంది" అన్నారు. ఆ మాట నోట్‌బుక్కులో మొదటి పేజీలో రాసుకున్నాను. ఇప్పటికీ ఉంది.

మొదటి షాపులో సేల్స్‌మన్ ఒక పెద్ద పెట్టె మీద చెయ్యి వేసి, "ఇరవై మిల్లీమీటర్ల మందమండి బాబాయ్‌గారూ, సాఫీగా కోసేస్తుంది" అన్నాడు.

"సాఫీగానా, చీలుస్తుందా?"

"రెండూ ఒకటే కదండీ."

"ఒకటి కాదు నాయనా. చీల్చింది మళ్ళీ గ్రైండింగు పట్టాలి. నేను రోజూ కోసేది ఎనిమిది, పది. పది మిల్లీమీటర్లు శుభ్రంగా కొయ్యాలి. అది చెప్పు. ఆపకుండా ఎంతసేపు పని చేస్తుంది?"

"పది నిమిషాలకి మూడు నిమిషాలండి. తరవాత చల్లబడాలి."

"అంటే మిగతా ఏడు నిమిషాలూ నేను టీ తాగాలన్నమాట."

మావయ్య కూరగాయల సంచిలోంచి పది మిల్లీమీటర్ల స్టీలు ముక్క తీసి బల్ల మీద పెట్టారు. "డెమోకి మా ప్లేటు ఉందండీ" అన్నాడు సేల్స్‌మన్. "మీ ప్లేటు మీ మెషిన్ మాట వింటుంది. నా ప్లేటు వింటుందో లేదో చూడాలి." ఏ వస్తువు కొన్నా అంతే. తన పని తనతో తీసుకెళ్ళి, అక్కడ చేయించి చూసేవారు.

మూడు షాపులు తిరిగాం. చివరికి తీసుకున్నది పెట్టె మీద ఇరవై కన్నా చిన్న అంకె ఉన్న మెషిన్. పది నిమిషాలకు ఆరు నిమిషాలు ఆగకుండా కోస్తుంది, త్రీఫేజు మీద నడుస్తుంది, తుప్పు పట్టిన ప్లేటు మీద కూడా రవ్వ అందుకుంటుంది. టార్చి కొసన ఉండే నాజిల్, ఎలక్ట్రోడు అరిగిపోతే రాజమండ్రిలోనే దొరుకుతాయి. దానితోపాటు, సేల్స్‌మన్ వద్దన్నా పట్టుబట్టి, గాలిలో తేమ తీసే డ్రయ్యర్ కూడా కొన్నారు. "ఏడాది పొడుగునా కాలవలు, వరి చేలు, చెరువులు. మన గాలిలో సగం నీళ్ళేనయ్యా" అన్నారు అతనితో.

ఆ రోజు నుంచీ షెడ్డు తెరవగానే ఆయన చేసే మొదటి పని కంప్రెసర్ ట్యాంకు కింద కుళాయి తిప్పి అందులో చేరిన నీళ్ళు వదలడం. ఒకసారి స్టీలు గ్లాసులో పట్టి నాకు చూపించారు. తుప్పు రంగు నీళ్ళు. "ఇది నిన్న మనం పీల్చిన గాలేనమ్మా" అని నవ్వారు.

ఆయన కోతలు చూసి శిష్యుడు కూడా మెషిన్ కొన్నాడు. ఏది కొనాలని ముందు మావయ్యనే అడిగాడు. మావయ్య నా ఎదురుగానే అన్నీ చెప్పారు, అదీ రాసుకున్నాను. అతను మాత్రం పెట్టె మీద పెద్ద అంకె ఉన్నదే తెచ్చుకున్నాడు. టైర్లకు గాలి కొట్టే చిన్న కంప్రెసర్ తగిలించాడు, డ్రయ్యర్ పెట్టలేదు. తడి గాలికి రోజుకో నాజిల్ కాలిపోయేది. మావయ్య తనంతట తానే వెళ్ళి, ట్యాంకు కింద కుళాయి తిప్పితే ఇన్ని నీళ్ళు చిమ్మాయి. అతను ఏమన్నాడో తెలుసా? "మీరు గ్యాస్ కాలం మనిషండి గురువుగారూ, మీకు తెలీదు" అన్నాడు. నెల తిరక్కుండా మెషిన్ పాడైంది. అప్పుడు మాత్రం ఊరంతా చెప్పుకొచ్చాడు: "గురువుగారు చెప్తేనే కొన్నాను."

ఆ మాట నమ్మి బల్లలు చేయించుకునేవాళ్ళు కొందరు మావయ్య దగ్గరికి రావడం మానేశారు. "నలుగురిలో చెప్పండి మావయ్యా, నీళ్ళ సంగతి" అని నేను పోరు పెట్టాను. "అతని షెడ్డు మూతపడితే నాకేం వస్తుందమ్మా? ఇద్దరు పిల్లలున్నారు అతనికి" అన్నారు. ఆ మంచితనం మీద కూడా నాకు కోపమే.

ఆయన ఉన్నప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోలేను. ఎందుకంటే అత్తయ్య షెడ్డు మూయనంది. ఇన్నేళ్ళూ పక్కనే పని చేసిన వెల్డరు నడుపుతానన్నాడు. కానీ అక్కడికి పని వచ్చేది మావయ్య పేరు మీద. ఆ పేరు చెడితే మిగిలేవి షెడ్డు రేకులే.

అందుకే ఆ రోజు పంక్తిలో శిష్యుడి ఎదురుగా నిలబడి అడిగాను: "మీ కంప్రెసర్‌లో నీళ్ళు ఎప్పుడైనా వదిలారాండీ?"

"ఏంటమ్మా, భోజనాల దగ్గర కంప్రెసర్ గొడవేంటి?"

"గొడవ తెచ్చింది మీరే కదండీ. మావయ్య మీకు ఏ మెషిన్ చెప్పారో నా నోట్‌బుక్కులో ఉంది. తెమ్మంటారా?"

చుట్టూ తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. అతను తల వంచుకుని అన్నం కలుపుకోసాగాడు. అంతలో అత్తయ్య పప్పు గిన్నెతో వచ్చింది. "ఆపవే. ఆయన్ని తిననీ" అంది నాతో. ఆవిడ మీదా కోపం వచ్చింది. ఆవిడ మాత్రం అతనికి పప్పు వడ్డించి, నెమ్మదిగా అంది: "చెయ్యి కడుక్కున్నాక ఒకసారి షెడ్డులోకి రండి. మీ గురువుగారి ఆఖరి పని బల్ల మీద అలాగే ఉంది."

వెళ్ళాం. పంక్తిలో ఉన్న నలుగురైదుగురు మా వెనకే వచ్చారు. పది మిల్లీమీటర్ల స్టీలు ప్లేటు. ఈ చివర నుంచి ఆ చివరకి సుద్దతో గీసిన గీత. సగం దాకా కోత, ఆ తరవాత ఉత్త గీత.

శిష్యుడు వంగాడు. పనివాడు కదా, చెయ్యి దానంతట అదే ప్లేటు అడుగుకి వెళ్ళింది. కరిగిన లోహం గడ్డకట్టి అంటుకుని ఉంటే వేలికి గీరుకుంటుంది. అతని వేలు ఎక్కడా ఆగలేదు, కోత అంత శుభ్రంగా ఉంది. మళ్ళీ పై అంచు మీద పెట్టి నెమ్మదిగా జరుపుకుంటూ పోయాడు. అందరూ చూస్తున్నారు. కోత అయిపోయింది. వేలు ఆగకుండా గీత మీదికి వెళ్ళి, కొంత చెరిపేశాక గాని అతనికి ఆ సంగతి తెలియలేదు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వేలి కొసకు అంటిన సుద్దపొడిని తుడుచుకోకుండా, దాన్నే చూస్తూ నిలబడిపోయాడు.