మెడకు చుట్టుకున్న గేజు

తాత చేతి దెబ్బ తినని వస్తువు షెడ్డులో ఒక్కటే ఉండేది. అది వ్యాక్యూమ్ గేజు. ఊడిరాని నట్టును సుత్తితో, మూతపడని బానెట్‌ను మోకాలితో, మాట వినని మనిషిని అరచేత్తో దారికి తెచ్చేవాడు. గేజును మాత్రం మెత్తటి గుడ్డలో చుట్టి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు బల్ల మీద పెట్టేవాడు. అప్పటికి ఆయనింకా తాత కాలేదు. కోపం ముక్కు మీదే కాపురం పెట్టిన నలభై ఏళ్ళ మెకానిక్కు. అయినా తాత అనే అందాం. ఇంకోలా అంటే ఆయన ఇప్పటికీ లేచి వస్తాడు.

గేజంటే గడియారం లాంటి గుండ్రటి డబ్బా, దానికో రబ్బరు గొట్టం. ఇంజను గాలి పీల్చుకునే చోట ఆ గొట్టం తగిలిస్తే, పీలుపు ఎంత బలంగా ఉందో ముల్లు చెబుతుంది. పద్దెనిమిది దగ్గర కదలకుండా నిలబడితే ఇంజను దుక్కలా ఉన్నట్టు. లయగా పడుతూ లేస్తుంటే ఏదో వాల్వు కాలినట్టు. పన్నెండు దగ్గర చతికిలబడితే ఎక్కణ్ణుంచో బయటి గాలి జొరబడుతున్నట్టు. నానమ్మ మాటనైనా తాత రెండోసారి అడిగి తేల్చుకునేవాడు గానీ, ముల్లును మాత్రం అడిగేవాడు కాదు.

వాల్వులు అరగదీసి ఇంజను బిగించే పని బావమరిదిది. నానమ్మకు సొంత తమ్ముడు. పని ఎంత శుభ్రమో, నోరు అంత మురికి.

ఒక రోజు బావమరిది విప్పి బిగించిన టాక్సీని స్టార్ట్ చేశారు. ఇంజను పిల్లిలా గురగురమంది. డ్రైవరు మొహం వెలిగిపోయింది. తాత గేజు తగిలించాడు. అంతే, ఇంజను వణికింది. ముల్లు పన్నెండు దగ్గర కూలబడింది.

"అతుకులో గ్యాస్కెట్టు సరిగ్గా కూర్చోలేదు," అన్నాడు తాత.

"కూర్చుంది బావా. నేనే కూర్చోబెట్టాను."

"మరి ముల్లు కునుకు తీస్తోందా?"

"అది తగిలించకముందు బండి బాగానే ఉందన్నా," అని డ్రైవరు నసిగాడు.

"నువ్వు స్టీరింగు చూసుకో. ఇంజను నాకొదిలెయ్."

బావమరిది నూనె డబ్బా తెచ్చాడు. "అతుకుల మీద నూనె చుక్కలేస్తా. గాలి లాగుతుంటే శబ్దం మారుతుంది. మారితే నా చెవి కోసి నీ తాళాల గుత్తికి కట్టుకో."

అతుకులన్నీ నూనెతో తడిశాయి. శబ్దం మారలేదు, ముల్లు కదల్లేదు. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. తాతకు ఆగడం ఎప్పుడు తెలిసింది గనక!

"పనిదొంగవిరా నువ్వు!" అన్నాడు.

"నీ గేజుకి కళ్ళజోడు పెట్టించు బావా. దానికీ నీలాగే చత్వారం వచ్చింది."

తననేమన్నా తాత రెండు తిట్లతో సరిపెట్టేవాడేమో. గేజునన్నాడు. పిడికిలి దానంతటదే లేచింది. అందులో స్పానరుందన్న సంగతి, బావమరిది ముందుపన్ను మడ్‌గార్డు మీద టక్కుమని పడ్డాక గానీ తాతకు గుర్తు రాలేదు. నెత్తురు గడ్డం మీదుగా కారి చొక్కాలోకి దిగింది.

షెడ్డు వెనక గదిలోంచి నానమ్మ వచ్చింది. తమ్ముడి నోరు చూసింది, మొగుడి చెయ్యి చూసింది.

"ఇక్కడ ఉండకురా. పద," అంది. "ఏమయ్యా, వీడితో పాటు నేనూ పోతున్నా. ఆ గేజుతో కాపురం చేసుకో."

ఆమె ఉత్తినే అనే మనిషి కాదు. తాత ఆగమని చెప్పబోయాడు. నోట్లోంచి మాత్రం "పొండి, ఇద్దరూ పొండి!" అని వచ్చింది.

బావమరిది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. గేజు గొట్టాన్ని ఇంజన్లోంచి ఒక్క లాగు లాగాడు. ఇంజను గిలగిల్లాడి ఆగిపోయింది. గొట్టాన్ని తాత మెడకు చుట్టి, వీపు మీద మోకాలు పెట్టి బిగించాడు.

తాత తల బానెట్‌కు ఢీకొంది. గోళ్ళు రబ్బరు మీద జారాయి. మడమతో వెనక్కి తన్నితే బావమరిది కాలి ఎముక మీద తగిలింది. అయినా పట్టు సడలలేదు. కళ్ళు బయటికొస్తున్నాయి. అలా బయటికొచ్చిన కళ్ళకు, ముక్కు ముందే సాగిన గొట్టం మీద ఒక చీలిక కనిపించింది. మామూలుగా మూసుకున్నట్టుండే రబ్బరు, బిగిసేసరికి నోరు తెరిచింది.

గాలి జొరబడేది ఇంజను అతుకుల్లోంచి కాదు, గేజు గొట్టంలోంచి! చెప్పడానికి గొంతు లేదు. తాత వేలెత్తి చూపించాడు.

"క్షమించమంటున్నావా? వినపడట్లేదు!" అని బావమరిది ఇంకాస్త బిగించాడు.

నానమ్మ పంక్చర్లు చూసే తొట్టిలోని మురికి నీళ్ళు బక్కెట్టుతో ముంచి ఇద్దరి మీదా కుమ్మరించింది. పట్టు జారింది. తాత నేలమీద పడి దగ్గాడు. పాకుతూ వెళ్ళి గొట్టం మళ్ళీ తగిలించి, చీలికను పిడికిట్లో బిగించి, డ్రైవరుకు సైగ చేశాడు. ఇంజను లేచింది. ముల్లు పద్దెనిమిది దగ్గర స్తంభంలా నిలబడింది. పిడికిలి విప్పాడు. పన్నెండు. మళ్ళీ బిగించాడు. పద్దెనిమిది.

"అంటే జబ్బు నీ గేజుకా?" అంది నానమ్మ.

తాత తలూపాడు. తరవాత బావమరిది ముందు నిలబడి మొహం ముందుకు పెట్టాడు. "కొట్టరా."

"నువ్వు కాచుకుని ఉన్నప్పుడు కొడితే ఏం మజా?" అన్నాడు బావమరిది, నెత్తురు ఉమ్మేసి.

తాత చీలిన ముక్క కోసెయ్యడానికి బ్లేడు తెద్దామని అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి దవడ మీద పడింది, పిడుగే. కాళ్ళు నేల విడిచాయి. పాత టైర్ల కుప్పలో వెల్లకిలా కూలాడు. పెదవి చిట్లి నోరంతా ఉప్పనైంది.

"ఉంటావుగా?" అన్నాడు అక్కణ్ణుంచే.

"ఉండక? ఎదుటి షెడ్డులో చేరితే, నిన్ను కొట్టాలన్నప్పుడల్లా రోడ్డు దాటాలి."

నానమ్మ రెండు గ్లాసుల్లో ఉప్పు కలిపిన వేణ్ణీళ్ళు తెచ్చింది. "బయటికెళ్ళి పుక్కిలించండి. నా గచ్చు మీద ఉమ్మారో, ఈసారి దెబ్బ నాది," అంది.

ఇద్దరూ గ్లాసులు పట్టుకుని బుద్ధిగా బయటికి నడిచారు.